కొండెక్కే రైలు: అత్తగారిని ఇంట్లో వదిలి వెళ్ళొద్దు

ప్రశ్న: మాది గాజువాక. ఈ డిసెంబరులో అరకు వెళ్దామనుకుంటున్నాం. పిల్లలకి తొమ్మిదేళ్ళు, అయిదేళ్ళు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మావారు కారులో వెళ్ళి అదే రోజు వచ్చేద్దామంటారు. నాకేమో పిల్లలకి రైలు, సొరంగాలు చూపించాలని ఉంది. అత్తగారు ‘నేను ఇంట్లోనే ఉంటాలే, మీరు వెళ్ళిరండి’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు. మధ్యలో ఒక రాత్రి అరకులో బస. అత్తగారిని తప్పకుండా తీసుకెళ్ళండి.

నేను అరకు లైన్‌లోని శృంగవరపుకోట (ఎస్.కోట) రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. మా నాన్నగారు ఆ లైన్‌లో కీమేన్, అంటే పట్టాల బిగింపులు చూసే ఉద్యోగి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి చేర్చి, జపాన్‌కి పంపడం కోసం 1960ల్లో వేసిన లైను అది. మనం సరదాగా వెళ్ళే దారిలో ఇప్పటికీ ఆ ఖనిజం గూడ్స్ బళ్ళు దిగుతూనే ఉంటాయి. నాన్నగారు సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడిచేవారు. సొరంగంలో ఉండగా బండి వస్తే గోడలో తొలిచిన గూట్లోకి తప్పుకుని నిలబడేవారట. మీ పిల్లలకి ఆ గూళ్ళ సంగతి ముందే చెప్పండి. చీకటి పడగానే కేకలు ఎలాగూ వేస్తారు, కాస్త వెలుతురున్న చోట వాటి కోసం వెతుకుతారు కూడా.

విశాఖలో అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ బండి ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది, కాబట్టి గాజువాక నుంచి చీకటితోనే కదలాలి. కొత్తవలస, ఎస్.కోట దాకా మామూలు ప్రయాణమే. పిల్లలకి టిఫిన్ అక్కడే పెట్టేయండి. బొడ్డవర దాటాక ఇక తినరు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, ఒక్కో స్టేషనుకీ లోయ కిందికి జారిపోతూ ఉంటుంది. ఈ లైన్ మీద 58 సొరంగాలున్నాయి. పెద్దవాడికి ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి లెక్కపెట్టమనండి. శిమిలిగుడలో ఎత్తు రాసిన బోర్డు చూపించండి: 996 మీటర్లు. ఒకప్పుడు బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనది అదే.

ఈ బండికి 2017 నుంచి విస్టాడోమ్ పెట్టె ఉంది. అద్దాల కప్పు, చుట్టూ తిరిగే సీట్లు. అత్తగారి మోకాళ్ళకి అది హాయి. టిక్కెట్లు త్వరగా అయిపోతాయి, ఇప్పుడే చూసుకోండి. దొరకకపోతే మానుకోవద్దు, మామూలు రిజర్వేషన్ చాలు. కిటికీలోంచి ఆ చల్లగాలి మొహానికి తగలడం నాకు అద్దాల కన్నా ఇష్టం. రిజర్వేషన్ లేకుండా మాత్రం ఎక్కకండి. ఒక కార్తీక ఆదివారం అలా ఎక్కి, అమ్మని ఎస్.కోట దాకా నిలబెట్టాను. ఆవిడ ఏమీ అనలేదు, కానీ అరకులో దిగాక నడవలేకపోయింది. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

దారిలో బొర్రా గుహల స్టేషన్లో దిగిపోకుండా నేరుగా అరకుకే వెళ్ళండి. మధ్యాహ్నం భోంచేసి, గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ చూస్తే ఆ పూట సరిపోతుంది. మర్నాడు కారు మాట్లాడుకుని ఘాట్ రోడ్డులో దిగుతూ గాలికొండ దగ్గర, అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఆగండి. మలుపులెక్కువ, చిన్నదానికి ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి. అత్తగారు ముఖద్వారం దాకా వచ్చి ఆ ఎత్తైన కప్పు చూస్తే చాలు. ఆవిడ దగ్గర మీరో మీవారో ఒకరు కూర్చోండి, మిగతావాళ్ళు లోపలికి వెళ్ళొచ్చాక మారండి.

డిసెంబరులో అరకు రాత్రి బాగా చలి. ఆవిడకి ఊలు శాలువా, రెండు జతల సాక్సులు పెట్టండి. మోకాళ్ళకి రాసే నూనె కూడా మరిచిపోవద్దు.