మనోభావాలు దెబ్బతింటే మాట నేరమవుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మత విశ్వాసాన్ని గానీ అవిశ్వాసాన్ని గానీ నలుగురిలో చెప్పుకునే హక్కు గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నందువల్ల ఈసారి శీర్షికను వాటికే కేటాయించాము. ఉత్తరాలను కుదించాము; రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. 2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణం వచ్చినప్పుడు, ‘భూమి నీడ చంద్రుడి మీద పడితే గుళ్ళు మూయడమెందుకు, కడుపుతో ఉన్నవాళ్ళను అన్నం నీళ్ళు లేకుండా గదిలో కూర్చోబెట్టడమెందుకు’ అని ఫేస్‌బుక్‌లో రాశాడు. మా అపార్ట్‌మెంట్ సంఘంలోని కొందరు పెద్దలు దానిని వాట్సాప్ గ్రూపులో పెట్టి, మనోభావాలు దెబ్బతిన్నాయని, గుడి దగ్గర అందరి ముందూ క్షమాపణ చెప్పకపోతే కేసు పెడతామని అంటున్నారు. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. వాడు రాసింది నాకూ నచ్చలేదు. కానీ అది నేరమేనా? – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి రాసింది అంతవరకే అయితే అది నేరం కాదమ్మా. మనోభావాలు దెబ్బతిన్నాయన్న మాట మన దగ్గర ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే, దెబ్బతినడమే నేరానికి రుజువని, దెబ్బతిన్నామన్నవారి మాటే దానికి సాక్ష్యమని చాలామంది నిజంగానే నమ్ముతున్నారు. చట్టం అలా లేదు. వారు పెడతామంటున్న కేసు బహుశా భారతీయ న్యాయ సంహితలోని 299వ సెక్షన్ కింద అయి ఉంటుంది. 2024 జూలై 1కి ముందు ఇదే భారత శిక్షాస్మృతిలో 295-ఏ సెక్షన్‌గా ఉండేది. మూడేళ్ళ వరకు జైలు, జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే ఒక వర్గం పౌరుల మత భావాలను రెచ్చగొట్టాలన్న ఉద్దేశంతో, బుద్ధిపూర్వకంగా, ద్వేషంతో ఆ మతాన్ని గానీ ఆ విశ్వాసాలను గానీ అవమానించారని ప్రాసిక్యూషన్ నిరూపించవలసి ఉంటుంది. ఆచారం వెనుక కారణమేమిటని అడగడం అవమానించడం కాదు, అందులో ద్వేషమూ లేదు.

ఈ సెక్షన్‌లో ఆ షరతులు ఎందుకున్నాయో తెలియాలంటే 1927కు వెళ్ళాలి. లాహోరులో ప్రవక్త జీవితం మీద వచ్చిన ఒక చిన్న పుస్తకం పెద్ద అలజడికి కారణమయింది. దాని ప్రచురణకర్త మీద పెట్టిన కేసును, అప్పటి చట్టం ప్రకారం అది నేరం కిందికి రాదని లాహోరు హైకోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత అదే ఏడాది కేంద్ర శాసనసభ 295-ఏను చేర్చింది. ఆ చర్చలోనే, చరిత్ర రాసేవారు, మతాన్ని చిత్తశుద్ధితో విమర్శించేవారు, సంస్కరణ కోరేవారు ఈ చట్టంలో ఇరుక్కోకుండా జాగ్రత్త పడాలని సభ్యులు పట్టుబట్టి చెప్పారు. బుద్ధిపూర్వకంగా, ద్వేషంతో అన్న షరతులు రెండూ ఒకేచోట ఉండడం ఆ జాగ్రత్త ఫలితమే. ఇప్పుడు ఫిర్యాదులు రాసేవారిలో చాలామంది ఆ రెండు షరతులనూ చదవకుండానే సెక్షన్ నంబరు వేస్తున్నారని నా అనుమానం.

రాజ్యాంగాన్ని చూసినా ఇదే కనిపిస్తుంది. 19వ అధికరణం మాట్లాడే స్వేచ్ఛను ఇచ్చి, ఏ కారణాల మీద దానికి హద్దు పెట్టవచ్చో రెండవ క్లాజులో వరుసగా చెప్పింది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం. మత భావాలు దెబ్బతినడం ఆ వరుసలో లేదు. మరి 295-ఏ ఎలా నిలబడిందన్న ప్రశ్న 1957లోనే రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మతానికి జరిగే ప్రతి అవమానాన్నీ ఈ సెక్షన్ శిక్షించదని, బుద్ధిపూర్వకంగా ద్వేషంతో చేసిన తీవ్రమైన అవమానాన్ని మాత్రమే శిక్షిస్తుందని, అటువంటిది శాంతిభద్రతలను భగ్నం చేసే స్వభావం కలది కనుక సెక్షన్ చెల్లుతుందని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అంటే ఆ సెక్షన్ బతికి ఉన్నదే ఆ ఇరుకైన అర్థంలో. దానిని విశాలం చేసి ఎవరి మీదనైనా వాడాలని చూస్తే, చట్టాన్ని నిలబెట్టిన కారణమే పోతుంది.

మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసు ఇక్కడ చెప్పాలి. ఒక ఆంగ్ల వాణిజ్య పత్రిక 2013లో క్రికెటర్ మహేంద్ర సింగ్ ధోనీని విష్ణుమూర్తి రూపంలో, చేతుల్లో రకరకాల సరుకులతో ముఖచిత్రంగా వేసింది. అనంతపురంలో 295-ఏ కింద ఫిర్యాదు దాఖలయింది. 2017లో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేస్తూ, తెలియకనో అజాగ్రత్తతోనో, రెచ్చగొట్టాలన్న ఉద్దేశం లేకుండా చేసినది ఈ సెక్షన్ కిందికి రాదని మళ్ళీ గుర్తు చేసింది. బొమ్మ బాగుందా లేదా అన్నది వేరే విషయం. నాకైతే అది చవకబారుగానే అనిపించింది. చవకబారుతనానికి శిక్షాస్మృతిలో సెక్షన్ లేదు.

అయినా ఫిర్యాదు అందితే ఏమవుతుందో మీకు తెలిసి ఉండడం మంచిది. ఇది పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, నాన్ బెయిలబుల్ కూడా. అందుకే ఈ సెక్షన్ పేరు చెబితే జనం భయపడతారు. కానీ శిక్ష ఏడేళ్ళు మించని నేరాలలో అరెస్టు యాంత్రికంగా జరగకూడదని, అవసరం లేనప్పుడు నోటీసు ఇచ్చి పిలవాలని సుప్రీంకోర్టు 2014లోనే ఆదేశించింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఆ నోటీసు 35వ సెక్షన్ కింద వస్తుంది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరాలలో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపి, కేసు ఉందో లేదో తేల్చే వీలును అదే సంహితలోని 173వ సెక్షన్ కల్పించింది. ఒక రాజ్యసభ సభ్యుడు పోస్టు చేసిన కవిత మీద గుజరాత్‌లో పెట్టిన కేసును 2025 మార్చిలో కొట్టివేసినప్పుడు, మాటకూ రాతకూ సంబంధించిన ఫిర్యాదులలో ఈ ప్రాథమిక విచారణ మార్గాన్నే ఎంచుకోవడం సముచితమని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి విమర్శనూ తమకు ముప్పుగా చూసే బలహీన మనస్కుల దృష్టితో కాక, వివేకం, నిబ్బరం ఉన్న మనిషి దృష్టితో ఆ మాటలను తూచాలని కూడా చెప్పింది. వీటన్నిటి తర్వాత కూడా, రాష్ట్ర ప్రభుత్వమో కేంద్ర ప్రభుత్వమో ముందుగా అనుమతి ఇవ్వనిదే 299 కింద కోర్టు నేరాన్ని విచారణకు స్వీకరించరాదు. ఈ దశల్లో ఎక్కడైనా అన్యాయం జరిగిందనిపిస్తే సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద కేసు కొట్టివేయమని అమరావతిలోని హైకోర్టును అడగవచ్చు.

కాబట్టి మీ అబ్బాయి చేయవలసినది ఒకటే: తాను రాసినది రాసినట్టుగా, కింద వచ్చిన వ్యాఖ్యలతో, తేదీతో సహా ఒక ప్రతి దాచుకోవాలి. పోస్టు తీసివేయడమా ఉంచడమా అన్నది అతని ఇష్టం. గుడి దగ్గర క్షమాపణ చెప్పించే అధికారం సంఘానికి లేదు, పోలీసులకూ లేదు. నోటీసు వస్తే న్యాయవాదిని వెంటబెట్టుకుని వెళ్ళాలి, వెళ్ళకపోవడమే తప్పవుతుంది. ఇక ఆ పెద్దలకు ఒక మాట మీరే చెప్పవచ్చు. గ్రహణవేళ గుడి మూయాలా వద్దా అన్నది సంప్రదాయంలోనే ఒకలా లేదు. తక్కిన ఆలయాలు తలుపులు వేసుకునే సమయంలో శ్రీకాళహస్తి తెరిచే ఉంటుంది, అభిషేకాలు ఆ వేళలోనే జరుగుతాయి. ఈ తేడా ఎందుకని ఒక భక్తుడు అడిగితే తప్పు కానిది మీ అబ్బాయి అడిగితే ఎలా తప్పవుతుంది?

ప్రశ్న: అమ్మవారు వెలసిన ఊరిలో, అదీ దసరా రోజుల్లో, దేవుడు లేడని సభలు పెట్టి కరపత్రాలు పంచేవారికి పోలీసులు అనుమతి ఎలా ఇస్తున్నారు? ఎవరి నమ్మకం వారిదే అన్నప్పుడు, లేని నమ్మకానికి ప్రచారం ఎందుకు? – సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: 25వ అధికరణం మత స్వేచ్ఛ కంటే ముందు అంతరాత్మ స్వేచ్ఛను పేర్కొంది. నమ్మనివారి అంతరాత్మ కూడా అందులోనే ఉంది. దేవుడు లేడని సభలో చెప్పడం 19వ అధికరణం కింద మాట్లాడే హక్కు. మీరు నవరాత్రులకు వీధిలో పందిరి వేయడానికి, వారు హాలులో సభ పెట్టడానికి అనుమతి అడిగేది ఒకే పోలీసు కార్యాలయాన్ని. స్థలం, సమయం, ట్రాఫిక్, మైకు – వీటి మీద షరతులు పెట్టే అధికారం పోలీసులకు ఉంది. చెప్పబోయే విషయం నచ్చలేదనో, ఎవరో అడ్డుకుంటామన్నారనో సభను ఆపే అధికారం లేదు. ఊరేగింపులు జరుగుతాయని, హింసకు దిగుతామని ఎవరో బెదిరించినంత మాత్రాన భావ ప్రకటనను అణచరాదని, ఆ బెదిరింపును అదుపు చేయడమే ప్రభుత్వం పని అని 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పైగా విజయవాడకు ఇది కొత్త కాదు. గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడకు వచ్చింది. నాస్తికత్వం కారణంగానే కాకినాడలో అధ్యాపక ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆయన, ఆయన భార్య సరస్వతి గోరా నిప్పుల మీద నడవడం మహిమ కాదని చూపడానికి జనం ముందు తామూ నడిచారు, ఇతరులనూ నడిపించారు. అంటరానితనాన్ని ఎదిరించి సహపంక్తి భోజనాలు పెట్టారు. గోరా సేవాగ్రాం వెళ్ళి, దైవభక్తుడైన గాంధీజీతో నాస్తికత్వం మీద రోజుల తరబడి వాదించారు. గాంధీజీ ఆయనను వెళ్ళగొట్టలేదు. గోరా కుమార్తెకూ ఒక దళిత యువకుడికీ సేవాగ్రాంలో పెళ్ళి నిశ్చయమైనప్పుడు, దేవుడి పేరుకు బదులు సత్యం పేరుతో ప్రమాణం చేయించడానికి ఒప్పుకున్నారు. గాంధీజీ మరణించిన కొద్ది వారాలకు, 1948 మార్చిలో, ఆ పెళ్ళి అక్కడే జరిగింది. అవతల తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను పద్యాలతో ప్రశ్నించారు. ఆ ఊరే ఆయనను పురపాలక సంఘ అధ్యక్షుడిగా చేసుకుంది. కొండ మీద అమ్మవారి కొలువు, పటమటలో నాస్తిక కేంద్రం ఒకే ఊరిలో ఇన్ని దశాబ్దాలుగా ఉన్నాయి. దర్శనానికి వచ్చే భక్తుల సంఖ్య తగ్గలేదు.

మీ కోపంలో న్యాయమున్న చోటు కూడా ఉంది. కరపత్రాలు పంచేవారు పూజ జరుగుతున్న చోటికి వెళ్ళి దానిని భగ్నం చేస్తే న్యాయ సంహిత 300వ సెక్షన్ కింద, పవిత్రమని భావించే వస్తువును అవమానించే ఉద్దేశంతో పగలగొడితే 298 కింద నేరమే. హేతువాదినని చెప్పుకున్నంత మాత్రాన వాటి నుంచి మినహాయింపు రాదు. భక్తులను మూర్ఖులని తిట్టి చప్పట్లు కొట్టించుకునే ఉపన్యాసకులను నేనూ విన్నాను. అది గోరా పద్ధతి కాదు.

ప్రశ్న: మేము బస్టాండు దగ్గర సువార్త పత్రికలు పంచుతుంటే కొందరు లాక్కుని చింపివేశారు. మత ప్రచారం చేసుకునే హక్కు మాకు లేదా? – మంగళగిరి

జవాబు: ఉంది. 25వ అధికరణం మతాన్ని అవలంబించడంతో పాటు ప్రచారం చేసుకునే హక్కును కూడా ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం దానికి హద్దులు. చేతిలోని కాగితాలు లాక్కుని చింపినవారి మీద మీరు ఫిర్యాదు చేయవచ్చు. అయితే మీ విశ్వాసంలో ఉన్న విషయాలను ఇతరులకు వివరించడం వేరని, మరొకరిని మతం మార్చడం హక్కుగా కోరడం వేరని, రెండవది ఈ అధికరణంలో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆ తీర్పు మీద విమర్శలు ఉన్నాయి, నాకూ కొన్ని ఉన్నాయి; కానీ ఈనాటికీ అమలులో ఉన్న మాట అదే. అన్ని చోట్లా పంచడానికీ వీలులేదు: తిరుమల వంటి ప్రభుత్వం గుర్తించిన క్షేత్రాలలో అన్యమత ప్రచారాన్ని 2007 నాటి రాష్ట్ర చట్టం నిషేధించింది.

మీరు పంపిన పత్రికలలో ఒకదాని రెండవ పేజీని మరొకసారి చదవండి. ఎదుటివారు పూజించే దేవతలను దయ్యాలని రాసిన పేరా అక్కడ ఉంది. మీ ప్రభువు గురించి మీరు ఎంతైనా చెప్పుకోవచ్చు. ఆ పేరా మాత్రం బ్రాడీపేట కుర్రవాడి పోస్టు కంటే 299వ సెక్షన్‌కు చాలా దగ్గరగా ఉంది. దానిని తీసివేసి మళ్ళీ అచ్చువేయించుకోమని నా సలహా.

ప్రశ్న: మా పాప ఎయిడెడ్ పాఠశాలలో చదువుతున్నది. అక్కడి మత ప్రార్థనలో పాల్గొనడం మాకు ఇష్టం లేదు. తప్పనిసరి అంటున్నారు. – తెనాలి

జవాబు: 28వ అధికరణం మూడవ క్లాజు ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ ఉన్న విద్యాసంస్థలో మత బోధకు, ఆరాధనకు హాజరు కావాలని బలవంతం చేయరాదు, మైనరు విషయంలో సంరక్షకుల సమ్మతి కావాలి. సమ్మతి లేదని ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. జాతీయ గీతానికి గౌరవంగా నిలబడి, తమ మత విశ్వాసం వల్ల పాడకుండా ఉన్న ముగ్గురు కేరళ పిల్లలను బడి నుంచి తీసివేస్తే, 1986లో వారిని తిరిగి చేర్చుకోమని తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి. జాతీయ గీతం విషయంలోనే అలా అన్నప్పుడు ప్రార్థన సంగతి చెప్పనక్కరలేదు. పాప తక్కిన పిల్లలు ప్రార్థన చేసుకుంటున్నంతసేపు అల్లరి చేయకుండా పక్కన ఉంటే చాలు.

ప్రశ్న: నాకు దేవుడి మీద నమ్మకం లేదు. వచ్చే నెల ఒక సివిల్ కేసులో సాక్ష్యం చెప్పాలి. దైవసాక్షిగా అని అనకపోతే నా సాక్ష్యం చెల్లదా? – గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: చెల్లుతుంది. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి దేవుడి పేరు మీద ప్రమాణం చేయడానికి బదులు నిజమే చెబుతానని ధ్రువీకరణ చేయవచ్చు. రెండింటికీ ఒకటే విలువ. అబద్ధం చెబితే శిక్షా ఒకటే. బోనులోకి ఎక్కగానే, ప్రమాణం చదివించే ముందే ఆ సంగతి చెప్పండి. కారణం వివరించవలసిన పని లేదు.