భోజనం బల్లకు కుర్చీలు సొంతంగా చేసుకోవాలంటే

మీరు అడిగినవి మూడు. వీడియోలో చూసిన కొలతలతో అనంతపురంలో డైనింగ్ కుర్చీ చేసుకోవచ్చా, చెక్క ఏది వాడాలి, స్క్రూలు బిగిస్తే చాలదా అని. నేనూ ఇదే ఊరివాణ్ని. వడ్రంగం నా వృత్తి కాదు. మా వీధి చివర పనిచేసే ఆచారి దగ్గర ఆదివారాలు కూర్చుని నేర్చుకున్నాను, ఇప్పటికి ఆరు కుర్చీలు చేశాను. స్క్రూల సంగతే ముందు చెప్తాను, కుర్చీ నిలిచేదీ పోయేదీ అక్కడే.

నిటారుగా కూర్చుంటే బరువు కాళ్ల మీదుగా నేలకు దిగిపోతుంది, ఎలాంటి జాయింటయినా తట్టుకుంటుంది. తిన్నాక వెనక్కి వాలి ముందు కాళ్లు లేపుతాం చూడండి, అప్పుడు భారమంతా పక్క పట్టె, అంటే సీటు పక్కన ముందు కాలినీ వెనక కాలినీ కలిపే చెక్క, వెనక కాలిని కలిసే చోట పడుతుంది. నా మొదటి కుర్చీకి అక్కడ ఫెవికాల్ పూసి రెండేసి స్క్రూలు బిగించాను. పట్టె కొసలోకి స్క్రూ నార వెంబడి దిగుతుంది కాబట్టి దానికి పట్టు తక్కువ. ఏప్రిల్‌లో ఒక రాత్రి మా నాయన సంగటి తిని వెనక్కి ఆనుకున్నాడు, కిర్రుమంది. టార్చి వేసి చూస్తే కాలికీ పట్టెకూ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు, స్క్రూ చుట్టూ సన్నటి చెక్కపొడి.

ఆచారి దాన్ని మొత్తం విప్పించారు. కాలికి ఉలితో బెజ్జం కొట్టి, పట్టె కొసను సన్నంగా చెక్కి అందులో దించే పాత పద్ధతే చేయమన్నారు. పట్టె వెడల్పు రెండున్నర అంగుళాలకు తగ్గకూడదు. చెక్కిన కొస మందం పట్టె మందంలో మూడో వంతు ఉండాలి, కాల్లోకి కనీసం అంగుళం దిగాలి. చేత్తో నొక్కితే సగం పోవాలి, మిగతా సగం కొయ్యసుత్తితో తడితే పోవాలి. బాదితే తప్ప దిగకపోతే కాలు చీలుతుంది. వదులుగా జారిపోతే మాత్రం ఫెవికాల్ ఆ ఖాళీని మోయలేదు, కొస మళ్లీ చేసుకోవాల్సిందే. ఈ ఒక్క పనికి నాకు కుర్చీకి రెండు ఆదివారాలు పట్టింది. మిగతావి త్వరగా అయినా ఫరవాలేదు, ఇక్కడ తొందరపడకండి.

ఇంకో చిక్కుంది. సీటు ముందు వైపు 18 అంగుళాలు, వెనక వైపు పదిహేనున్నర పెడతాం కదా, పక్క పట్టె ఒక్కో వైపు ఇంచుంబావు లోపలికి వాలుతుంది. కొసలు ఆ వాలుకు సరిపోయేలా చెక్కాలి. అట్టముక్క మీద అసలు సైజులో సీటు బొమ్మ గీసి, ఆ కోణాన్ని నేరుగా చెక్క మీదికి దించుకుంటే లెక్కలతో పనిలేదు.

చెక్క విషయానికి వస్తే, మన ఊరి గాలిని మనసులో పెట్టుకోవాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గగనమయ్యే నేల ఇది. చెక్క ఆరేకొద్దీ వెడల్పులో కుంచించుకుపోతుంది, పొడవులో దాదాపు తగ్గదు. పచ్చి చెక్కతో ఎంత బిగువుగా చేసినా మేనెలకు జాయింటు వదులు కావడం ఇందుకే. మా చేలో పడిపోయిన వేపచెట్టును సామిల్లులో అంగుళన్నర పలకలుగా కోయించి, పలకకూ పలకకూ మధ్య బద్దలు పెట్టి నీడలో పేర్చాను. కొసలకు పెయింటు పూస్తే చీలికలు తగ్గుతాయి. ఒక ముక్కను కిరాణా కొట్టు తక్కెడలో ప్రతి పదిహేను రోజులకూ తూయించేవాణ్ని. బరువు తగ్గడం ఆగింది ఏడాది దాటాకే, అప్పుడే రంపం పట్టాను.

చేవదేలిన వేప గట్టిది, పురుగు తొందరగా పట్టదు. కానీ నార అటూ ఇటూ తిరిగి ఉంటుంది, ఎదురు చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి. డబ్బు పెట్టగలిగితే టేకు హాయి. ఒక కుర్చీకి వృథాతో కలిపి ముప్పాతిక నుంచి ఒక ఘనపుటడుగు లెక్కవేసుకోండి. కడప వైపు నుంచి ఎర్రచందనం ముక్కలు తక్కువకు ఇప్పిస్తామనేవాళ్లు ఎదురైతే దగ్గరికి రానివ్వకండి. అది రక్షిత జాతి చెట్టు, ఇంట్లో కుర్చీ చేసుకునే చెక్క కాదు.

వీడియో కొలతలు ఆధారానికి పనికొస్తాయి, అంతే. బల్ల 30 అంగుళాల ఎత్తుంటే సీటు పదిహేడున్నర నుంచి 18 దాకా పెడతారు. మా అవ్వ అలాంటి సీటు మీద కూర్చుంటే మడమలు నేలకు ఆనలేదు, తొడల కింద అంచు నొక్కి కాళ్లు తిమ్మిరెక్కేవి. సీటు తగ్గిద్దామంటే కంచం గుండెల దాకా వస్తుంది. చివరికి ఆమె కుర్చీకి సీటు లోతు 15 అంగుళాలే పెట్టి, ముందు కాళ్ల మధ్య నేలకు మూడంగుళాల ఎత్తులో వెడల్పాటి పట్టె వేశాను. పాదాలు దానిమీద ఆనించి ఇప్పుడు కడుపునిండా తింటుంది. మనం చేత్తో తింటాం, కంచం మీదికి వంగుతాం. అందుకని వీపుపట్టె మరీ వాల్చకండి, 16 అంగుళాల ఎత్తుకు రెండంగుళాల వాలు చాలు. వెనక కాలిని వంపుగా కోసేటప్పుడు ఆ వంపులో నార తెగిపోకుండా పలకను ఎంచుకోండి, తెగిన చోటే విరుగుతుంది.

సీటుకు నా ఓటు నవారుకే. చెక్క సీటును నాలుగు వైపులా అతికిస్తే మన ఎండకు నడిమికి చీలుతుంది. నవారులో గాలి ఆడుతుంది, సాగితే మళ్లీ బిగించుకోవచ్చు. అయితే అల్లిక పట్టెలను లోపలికి లాగుతుంది కాబట్టి వాటి మందం ఇంచుంబావు ఉంచి, అంచులు గుండ్రంగా రుద్దండి, లేకపోతే నవారు కోసుకుపోతుంది. బిగువు కోసం లోపలి మూలల్లో దిమ్మెలు వేస్తే అల్లడానికి అడ్డొస్తాయి. వాటికి బదులు కాళ్ల మధ్య కింద అడ్డపట్టెలు వేసుకోండి.

మీ బల్ల ఎత్తు ఎంతో, దాని కింది అడ్డపట్టె ఎంత కిందికి దిగిందో కొలిచి ఇక్కడ రాయండి. ఆ పట్టెకూ సీటుకూ మధ్య తొడలు పట్టాలి కదా, అది తెలిస్తే మీ సీటు ఎత్తు చెప్తాను.