జవాబులో ఊరు కనపడాలి

(పోటీ పరీక్షల్లో పాలన పేపరు గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు నల్లగొండ జిల్లాకు చెందిన ఒక రిటైర్డ్ ఎంపీడీవో జవాబులు)

ప్రశ్న: గ్రూప్-1 మెయిన్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. ‘73వ సవరణతో పంచాయతీలకు 29 అంశాలు బదిలీ అయ్యాయి’ అని రాస్తే టెస్ట్ సిరీస్‌లో సార్ ఎర్రగీత కొట్టారు. తప్పెక్కడుంది? – పాఠకురాలు, దేవరకొండ

ఆ సార్‌కు నా తరఫున ఒక నమస్కారం చెప్పమ్మా. ‘బదిలీ అయ్యాయి’ అన్న మాట దగ్గరే ఉంది తప్పు. ఆ సవరణ రాజ్యాంగానికి చేర్చిన 11వ షెడ్యూల్లో 29 అంశాలున్నాయి, నిజమే. కానీ 243-జి అధికరణ ఏమంటుంది? రాష్ట్ర శాసనసభ చట్టం చేసి పంచాయతీలకు అధికారాలు ‘ఇవ్వవచ్చు’ అంటుంది. ఇచ్చి తీరాలి అనదు. అదే సవరణలో ఐదేళ్ల గడువు (243-ఇ), మహిళలకు మూడో వంతుకు తగ్గని సీట్లు (243-డి), రాష్ట్ర ఎన్నికల సంఘం (243-కె), రాష్ట్ర ఆర్థిక సంఘం (243-ఐ) మాత్రం తప్పనిసరి. అంటే సర్పంచ్‌ను ఎన్నుకోవడం తప్పనిసరి, సర్పంచ్ చేతికి పని ఇవ్వడం ప్రభుత్వం ఇష్టం. ఈ తేడా ఒక్క వాక్యంలో పెట్టావంటే, షెడ్యూల్లోని 29 అంశాలూ వరసగా రాసినవాళ్ల కంటే నీకే మార్కులు ఎక్కువ పడతాయి.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కొత్తగా గెలిచిన ఒక సర్పంచమ్మ నా టేబుల్ దగ్గరికొచ్చి, ‘సార్, మా బడికి పంతులు వారం రోజుల సంది వస్తలేడు. నేనేం జెయ్యాలె?’ అని అడిగింది. ఎంఈవోకు, అంటే మండల విద్యాధికారికి, ఫోన్ చేస్తానన్నాను. ‘అయితే బడి నాది కాదన్నట్టు’ అని నవ్వింది. ప్రాథమిక విద్య ఆ 29 అంశాల్లో ఉన్నదే. కానీ పంతులు జీతం, సెలవు, బదిలీ అన్నీ విద్యాశాఖ చేతిలో ఉంటాయి. విధులు, నిధులు, సిబ్బంది మూడూ కలిసి దిగితేనే వికేంద్రీకరణ అని పుస్తకాల్లో రాస్తారు. ఆమె ఆ పుస్తకం చదవలేదు, విషయం మాత్రం చెప్పేసి పోయింది.

చరిత్ర రాయాలనిపిస్తే రెండు లైన్లు చాలు. పంచాయతీరాజ్ పెట్టమని చెప్పింది 1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ. అది మొదలైంది 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో, అదే ఏడాది మన షాద్‌నగర్‌లో. అప్పట్లో అది మహబూబ్‌నగర్ జిల్లా. ఆ ఒక్క పేరుతో జవాబుకు మన మట్టి అంటుతుంది. ఇటీవలి ఉదాహరణ కావాలంటే, తెలంగాణ పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిస్తే, ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. మధ్యలో పాలన ప్రత్యేకాధికారులది. తప్పనిసరి అని రాసుకున్న ఐదేళ్ల గడువుకే ఈ గతి పడితే, ‘ఇవ్వవచ్చు’ అన్నదానికి పట్టే గతి వేరే చెప్పాలా?

ప్రశ్న: సుపరిపాలన నిర్వచనం బట్టీ పట్టాలా? – పాఠకుడు, కోదాడ

ఒకటి చాలు. అధికారాన్ని, దేశ ఆర్థిక, సామాజిక వనరుల నిర్వహణలో అభివృద్ధి కోసం వాడే తీరే పాలన అని 1992లో ప్రపంచ బ్యాంకు చెప్పింది. రాసి ముందుకు కదులు. నాలుగు నిర్వచనాలతో పేజీ నింపిన జవాబు, పిలుపులు బోలెడు ఉండి విస్తరి వేయని పెండ్లి లాంటిది.

ప్రశ్న: ఔట్‌పుట్, ఔట్‌కమ్ తేడా ఎన్నిసార్లు చదివినా కలిసిపోతున్నాయి. నల్లగొండ ఫ్లోరైడ్‌ను ఉదాహరణగా వాడుకోవచ్చా? – పాఠకుడు, మహబూబ్‌నగర్

వాడుకో తమ్ముడూ, దానంత మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు, నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి 1970ల్లో తయారుచేసిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. నీళ్లలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి బాగా కలుపుతారు. ఫ్లోరైడ్‌ను పట్టుకుని మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీటిని వడగడతారు. చవక, కరెంటు లేకున్నా ఇంట్లో బకెట్‌లో కూడా చేసుకోవచ్చు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేని చోట 1.5 వరకు అని మన ప్రమాణం.

పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్, క్షారగుణం ఎంతున్నాయో చూసి లెక్కగట్టాలి. ప్రతిరోజూ వేయాలి. అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పారబోయాలో కూడా చూసుకోవాలి. అంటే ఆ పని కోసం రోజూ ఒక మనిషి ఉండాలి. మా పైళ్లలో ఆ మనిషి గురించి ఒక్క ముక్క ఉండేది కాదు.

నా తప్పే చెప్తాను. ఒక ఊళ్లో కట్టిన చిన్న ప్లాంటుకు ‘పని పూర్తయినది’ అని సంతకం పెట్టి, రిపోర్టులో నూరు శాతం చూపించాను. ఎనిమిది నెలల తర్వాత వేరే పని మీద అటు పోతే, తలుపుకు తాళం తుప్పుపట్టి ఉంది, పటిక బస్తాలు రాయిలా గడ్డకట్టాయి, గోడ నీడలో ఎవరివో మేకలు పడుకున్నాయి. ఆడవాళ్లు ఎప్పటిలాగే బోరింగు దగ్గర బిందెలు నింపుకుంటున్నారు. పటిక కలిపే మనిషికి జీతం ఎవరిస్తారన్నది నేను అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు.

ఆ ప్లాంటు ఔట్‌పుట్. ఆ ఊరి పిల్లల పళ్లు గారపట్టకపోవడం, ఎముకలు వంగకపోవడం ఔట్‌కమ్. రెండింటి మధ్య నిర్వహణ అనే వంతెన లేకపోతే మొదటిది ఉన్నా రెండోది రాదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ లాంటి పథకాన్ని కూడా ఈ కోణంలోనే రాయి. నదుల నీళ్లు దూరం నుంచి శుద్ధి చేసి తెస్తే, ఊరూరా రోజూ పటిక కలిపే మనిషి మీద ఆధారపడాల్సిన అవసరం పోతుంది. పైపుకు మాత్రం నిర్వహణ అక్కర్లేదా అంటే, కావాలి. వాల్వు లీకైతే ఎవరు బాగుచేయాలి, ఎన్ని రోజుల్లో అన్నది కూడా జవాబులో ఉండాలి.

ఇంకొకటి, దీన్ని చాలామంది వదిలేస్తారు. నీళ్లు మారినంత మాత్రాన వంగిన ఎముక నిటారు కాదు. కొత్త తరానికి ఎముక వంగకపోవడం ఔట్‌కమ్ అయితే, మర్రిగూడ, మునుగోడు వైపు నడుం వంగిపోయిన పెద్దవాళ్లకు పింఛను, వైద్యం, ఊతకర్రతో బతుకు కాస్త తేలిక కావడం ఔట్‌కమ్. ఈ రెండో సగం రాసిన పేపర్ నేనింతవరకు చూడలేదు.

ప్రశ్న: సమాచార హక్కులో ఏ సెక్షన్లు గుర్తుంచుకోవాలి? – పాఠకురాలు, వనపర్తి

4(1)(బి) ముందు. ఎవరూ అడగకముందే ప్రభుత్వ కార్యాలయం తనంతట తాను బయటపెట్టాల్సిన 17 రకాల సమాచారం అందులో ఉంది. అందరూ దరఖాస్తు గురించే రాస్తారు. నిజానికి ఈ సెక్షన్ సరిగ్గా అమలైతే సగం దరఖాస్తులు అవసరమే ఉండవు. ఆ తర్వాత గడువులు. మామూలుగా 30 రోజులు, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. మన దగ్గర ఫీజు గ్రామస్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది 2005 అక్టోబరు 12న.

ప్రశ్న: పారదర్శకత, జవాబుదారీతనం ఒకటే పేరాలో కలిపి రాస్తే టైమ్ కలిసొస్తుంది. తప్పా? – పాఠకుడు, నాగర్‌కర్నూల్

తప్పే. ఉపాధి హామీ 2006లో మొదలైన తొలి 200 జిల్లాల్లో మన నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. 2005 నాటి ఆ చట్టంలో 17వ సెక్షన్ సామాజిక తనిఖీ పనిని గ్రామసభకు అప్పగించింది. ఊరూరా తనిఖీ అయ్యాక మండలంలో ప్రజావేదిక పెట్టేవాళ్లం. ఎవరి పేరు మీద ఎన్ని రోజులు వేశారు, ఎంత డ్రా అయింది, అందులో ఎంత తేడా వచ్చింది అని మైకులో చదివేవారు. ఒకసారి అలా చదువుతుంటే వెనక నుంచి ఒక ముసలామె లేచి, ‘పోయినేడు గూడ గిట్లనే చదివిండ్రు. ఆ పైసలు వసూలైనయా?’ అంది. వేదిక మీద మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

చదివి వినిపించడం పారదర్శకత. ఆమె అడిగింది జవాబుదారీతనం. రెండు పేరాలు రాయి, టైమ్ నిర్వచనాల దగ్గర మిగుల్చుకో.

ప్రశ్న: నాది తెలుగు మీడియం. సబ్సిడియారిటీ, ఎక్స్‌క్లూజన్ ఎర్రర్ లాంటి మాటలకు తెలుగు దొరక్క టెన్షన్‌గా ఉంది. – పాఠకుడు, అచ్చంపేట

నిఘంటువులో వెతికి నోరు తిరగని మాట తేవద్దు బిడ్డా. ఆ మాటనే తెలుగు లిపిలో రాసి, పక్కన ఒక్క లైన్లో అర్థం చెప్పు. సబ్సిడియారిటీ అంటే కింద చేయగలిగిన పనిని పైకి లాక్కోకపోవడం. ఊరి వీధి లైటు మాడిపోతే జిల్లా కేంద్రం నుంచి ఆర్డర్ రావాల్సిన పని లేదు.

ఎక్స్‌క్లూజన్ ఎర్రర్ అంటే అర్హుడు జాబితాలోంచి జారిపోవడం. దీనికి పాలమూరు వలస కంటే మంచి ఉదాహరణ ఏముంది? సర్వేవాళ్లు వచ్చిన రోజు ఇంటికి తాళం ఉంటుంది, ఆ కుటుంబం పుణేలోనో ముంబైలోనో మట్టి పనిలో ఉంటుంది. పేరు రాసుకునేవాడు తాళాన్ని చూసి ‘లేరు’ అని రాసుకుపోతాడు. వాళ్లు ఊళ్లోనే లేరు తప్ప, పేదవాళ్లు కాకుండా పోలేదు. రేషన్ వరకు దీనికి ఒక మందు పోర్టబిలిటీ, అంటే కార్డు ఎక్కడిదైనా బియ్యం ఉన్నచోటే తీసుకోవడం. రాష్ట్రాల మధ్య ఇది 2019 ఆగస్టులో రెండు జతల రాష్ట్రాలతో మొదలైంది, అందులో ఒకటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జత. కానీ సిమెంటు పనితో వేలిముద్రలు అరిగిపోయిన చేతిని మిషన్ గుర్తుపట్టకపోతే, అదీ ఎక్స్‌క్లూజన్ ఎర్రరే. అది కూడా రాయి.