ఒక మెషీన్‌కి అప్‌డేట్ వచ్చి పక్కదానికి రాకపోతే

తమ్ముడూ,

నువ్వు చూసే ఉబుంటు, డెబియన్ లినక్స్ మెషీన్లలో కొన్నిటికి అప్‌డేట్లు వస్తున్నాయి, కొన్నిటికి రావట్లేదు. పొద్దున హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ (ఫైలు గుర్తు సరిపోలలేదు) అని మొండికేసిన మెషీనే మధ్యాహ్నానికి ఏమీ ఎరగనట్టు పనిచేస్తోందని రాశావు. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా చేసేది దించుకున్న ఇండెక్స్‌లు ఉండే లిస్ట్స్ ఫోల్డరు (/var/lib/apt/lists) ఖాళీ చేసి, ప్యాకేజీలు దించి ఎక్కించే ఆప్ట్ ప్రోగ్రాముతో అప్‌డేట్ కమాండ్ మళ్ళీ కొట్టడం. నువ్వు మాత్రం దాని జోలికి ఇప్పుడే పోకు. కారణం కింద రాస్తాను.

ఆప్ట్ మొదట ఇన్‌రిలీజ్ అనే చిన్న ఫైలు తెచ్చుకుంటుంది. దానికి డిజిటల్ సంతకం ఉంటుంది, లోపల ప్యాకేజెస్ అనే జాబితా ఫైళ్ళ (ఇండెక్స్‌ల) సైజులూ, షా256 హ్యాష్‌లూ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కకట్టే గుర్తులు) ఉంటాయి. ప్యాకేజెస్ ఫైల్లో ఒక్కో డెబ్ (ప్యాకేజీ ఫైలు) ఎక్కడుందో, దాని సైజెంతో, హ్యాష్ ఏమిటో ఉంటుంది. ఈ మూడూ ఒకే నాటి కాపీవి అయితే పేచీ లేదు. మిర్రర్ (అసలు సర్వర్‌కి నకలుగా నడిచే సర్వర్) సగం సింక్‌లో, అంటే సగమే తాజా అయ్యి ఉండగా, మనం అడిగితే కొత్త ఇన్‌రిలీజ్, పాత ప్యాకేజెస్ చేతికొస్తాయి. హ్యాష్ కలవదు. సైజు అనుకున్నట్టు లేదు, మిర్రర్ సింక్ జరుగుతోందా అని ఆప్టే అడుగుతుంది చూడు, అక్కడది దాదాపు సరిగ్గానే ఊహిస్తోంది. ఇప్పటి డెబియన్, ఉబుంటు రిపోల్లో (ప్యాకేజీలు ఉంచే చోట్లలో) ఇండెక్స్ ఫైళ్ళను హ్యాష్ పేరుతో కూడా పెడతారు కాబట్టి పాతవీ కొత్తవీ పక్కపక్కనే ఉండి ఈ బాధ చాలావరకు తగ్గింది. ఇంకా వస్తోందంటే ఆ మిర్రర్ నడిపే పద్ధతినో, మధ్యలో ఉండి దాచుకున్న కాపీలు అందించే ప్రాక్సీ సర్వర్‌నో అనుమానించు.

పద్ధతిగా నడిపే మిర్రర్ మొదట పూల్ అనే ఫోల్డరులోకి కొత్త డెబ్ ఫైళ్ళు తెచ్చుకుంటుంది, తర్వాత డిస్ట్స్ అనే ఫోల్డరులో ఇండెక్స్ మారుస్తుంది, పాత ఫైళ్ళను ఆఖర్న తీసేస్తుంది. మామూలు ఆర్‌సింక్ (ఫైళ్ళు కాపీ చేసే కమాండ్) ఒక్కసారి నడిపి వదిలేసేవాళ్ళ దగ్గర ఈ వరస ఉండదు. ఇండెక్స్ ముందే వచ్చేస్తుంది, డెబ్ ఇంకా దారిలోనే ఉంటుంది. నీకు కనపడేది 404, అంటే ఫైలు లేదని. అయితే 404 అంతా మిర్రర్ తప్పే కాదు. నీ ఇండెక్స్ పాతదైపోయి, అందులోని వెర్షన్ సర్వర్‌లోంచి తీసేసినా 404 వస్తుంది. అప్‌డేట్ కొట్టకుండా నేరుగా ఇన్‌స్టాల్ కొట్టే స్క్రిప్టుల్లో ఇది మామూలే. మద్దతు ముగిసి పాత రిలీజ్‌ల ఆర్కైవ్‌కి తరలిపోయిన రిలీజ్ అయితే ప్రతిసారీ, ప్రతి మెషీన్‌లోనూ 404 వస్తుంది, కాబట్టి దాన్ని గుర్తుపట్టడం తేలిక.

ఇక అసలు సంగతి. సర్వర్ పేరు ఒకటే అయినా దాని వెనక అడ్రసులు చాలా ఉంటాయి. డిగ్ అనే కమాండ్‌తో ఆ పేరు అడిగితే జాబితా వస్తుంది. ఒక మెషీన్ ఒక అడ్రసుకి, ఇంకోటి మరో అడ్రసుకి వెళ్తాయి, అందులో ఒకటి వెనకబడి ఉంటుంది. అందుకే పొద్దున రానిది మధ్యాహ్నం వస్తుంది. కర్ల్ అనే ఫైళ్ళు దించే కమాండ్‌లో రిజాల్వ్ ఆప్షన్ పెట్టి ఒక్కో అడ్రసు నుంచి ఇన్‌రిలీజ్ దించి, అందులో డేట్ అనే వరస చూడు. నాలుగు అడ్రసుల్లో మూడు ఒకే సమయం చూపించి నాలుగోది నిన్నటిది చూపిస్తే దొంగ దొరికినట్టే. ఐపీవీ6 అడ్రసులు మర్చిపోకు, చాలామంది వాటిని వదిలేసి గంటలు పోగొట్టుకుంటారు. డెబియన్ మిర్రర్లలో ప్రాజెక్ట్ కింద ట్రేస్ అనే ఫోల్డరు ఉంటుంది, చివరి సింక్ ఎప్పుడు జరిగిందో అక్కడే తెలుస్తుంది. డెబియన్ ప్రధాన ఆర్కైవ్ రోజుకి నాలుగుసార్లు మారుతుంది కాబట్టి మిర్రర్ కొన్ని గంటలు వెనకబడితే కంగారు పడకు. రోజు దాటితే మాత్రం దాన్ని వదిలేయాల్సిందే.

ఇప్పుడు లిస్ట్స్ ఫోల్డరు సంగతి. సర్వర్ ఇచ్చిన ఇన్‌రిలీజ్ తేదీ నీ దగ్గరున్నదాని కంటే పాతదైతే ఆప్ట్ దాన్ని పక్కన పెట్టి కొత్తదాన్నే ఉంచుకుంటుంది. తెర మీద ఎర్రర్ ఏమీ కనపడదు. ఆ తర్వాత నీ కొత్త ఇండెక్స్ పట్టుకుని వెనకబడిన సర్వర్‌ని డెబ్ అడిగితే దాని దగ్గర లేక 404 అంటుంది. ఫోల్డరు ఖాళీ చేశావో, ఆ జ్ఞాపకం పోతుంది. పాత ఇండెక్స్‌నే కొత్తదనుకుని తీసుకుంటుంది, ఎర్రర్ మాయమవుతుంది, సెక్యూరిటీ ప్యాచ్‌లూ మాయమవుతాయి. కాబట్టి ముందు తేదీలు రాసుకో, మంచి మిర్రర్‌కి మారు, అప్పటికీ కుదరకపోతేనే ఖాళీ చెయ్యి.

డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీకి తోడు కావలసిన వేరే ప్యాకేజీలు) కుదరట్లేదన్న ఎర్రర్‌కీ ఇదే మూలం కావచ్చు. తాజా సర్వర్ నుంచి లిబ్‌సీ6 (సి లైబ్రరీ ప్యాకేజీ) కొత్తది ఎక్కాక, వెనకబడిన మిర్రర్ నుంచి దాని జోడు ప్యాకేజీ లిబ్‌సీ6 డెవ్ అడిగితే అది అచ్చంగా తన వెర్షన్ లిబ్‌సీ6నే కావాలంటుంది. దానికోసం ఎక్కిన లిబ్‌సీ6ని వెనక్కి దించకు. ఆప్ట్ పాలసీ కొడితే ఏ వెర్షన్ ఎక్కడి నుంచి వస్తోందో చూపిస్తుంది.

అన్ని అడ్రసులూ ఒకేలా ఉన్నా గొడవ తగ్గకపోతే మధ్యలో ప్రాక్సీ కూర్చుని పాత కాపీలు పంచుతోందేమో చూడు. హెచ్‌టీటీపీ నో క్యాష్ ఆప్షన్ పెట్టి అప్‌డేట్ కొట్టు, లేదా మిర్రర్ ఇస్తే హెచ్‌టీటీపీఎస్‌కి మారు. సమస్య పోతే క్యాష్‌దే తప్పు. ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ (ప్యాకేజీలు దాచి పంచే ప్రాక్సీ) వాడుతుంటే దాన్నీ తప్పించి ఒకసారి నేరుగా ప్రయత్నించు.

రిలీజ్ ఫైలు (అదే ఇన్‌రిలీజ్) ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటే ముందు నీ మెషీన్ గడియారం చూడు, అది వెనకబడి ఉంటుంది. గడువు దాటిందంటే గడియారం ముందుకు పోయి ఉండొచ్చు, లేదా మిర్రర్ సింక్ ఆగిపోయి ఉండొచ్చు. ఆ తనిఖీని శాశ్వతంగా ఆపేసే సెట్టింగ్ పెట్టకు. సంతకం లేకపోయినా ఫర్వాలేదనే ఆప్షన్ అసలే వద్దు.

ఒక్కోసారి తప్పు ఎవరిదీ కాదు. ఉబుంటు 21.04 నుంచి ఆప్ట్ కూడా ఫేజ్డ్ అప్‌డేట్ల పద్ధతి పాటిస్తోంది. కొత్త వెర్షన్‌ని ముందు కొద్ది శాతం మెషీన్లకే ఇచ్చి మెల్లగా పెంచుతారు. ఎవరి వంతు ముందన్నది మెషీన్ ఐడీని బట్టి తేలుతుంది. పక్కపక్కన ఉన్న రెండిట్లో ఒకదానికి వచ్చి ఇంకోదానికి ప్యాకేజీలు కెప్ట్ బ్యాక్ (ఆపి ఉంచాం) అని పడితే ఆప్ట్ పాలసీలో ఫేజ్డ్ అని శాతం ఉందేమో చూసి, ఉంటే ఊరుకో.

మెషీన్లు ఎక్కువుంటే సొంత మిర్రర్ నడిపే యాప్ట్‌లీ లాంటి ప్రోగ్రాముతో స్నాప్‌షాట్ (ఒక నాటి కాపీ) తీసి అన్నిటినీ దానికే చూపించు. అప్పుడు తేడా అన్న మాటే ఉండదు, కాకపోతే సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం కొత్త స్నాప్‌షాట్ తీసే బాధ్యత నీ నెత్తిన పడుతుంది.

మిర్రర్ నడిపేవాళ్ళకి రాసేటప్పుడు పనిచెయ్యట్లేదని ఊరికే రాయకు. ఏ ఐపీ అడ్రసు, అందులో ఇన్‌రిలీజ్ డేట్ ఎంత, మిగతావాటిలో ఎంత, నువ్వు చూసిన సమయం యూటీసీలో ఎంత, ఈ నాలుగూ రాస్తే చాలు.

— మీ అన్నయ్య