మంచి ఆటగాడైతే ఫుట్‌బాల్‌లో ఏ పొజిషన్‌లోనైనా ఆడగలడా?

మైదానం మధ్యలో, అంటే మిడ్‌ఫీల్డ్‌లో ఆడే మిమ్మల్ని లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమవైపు డిఫెండర్‌గా ఆడమంటున్నారని, మంచి ఆటగాడికి ఏ చోటైనా ఒకటేనని మీ కోచ్ చెప్తున్నారని రాశారు. ఒకటి కాదు. జట్టులో ఎడమకాలి డిఫెండర్ దొరకనప్పుడే కోచ్‌లకు ఈ సిద్ధాంతం గుర్తొస్తుంది.

కాలేజీ జట్టులో నాకూ ఇదే జరిగింది. నేను కుడికాలి వాణ్ని, సెంట్రల్ మిడ్‌ఫీల్డర్‌ని. సెమీఫైనల్ ముందు మా లెఫ్ట్ బ్యాక్‌కి చీలమండ బెణికింది. "నువ్వు బాగా పరిగెడతావు కదా, అక్కడ ఆడు" అన్నారు కోచ్. అంతే, నా ట్రైనింగ్ పూర్తయింది.

కీపర్ బంతి ఇవ్వగానే అలవాటు కొద్దీ కుడికాలి మీదికి తీసుకునేవాణ్ని. దాంతో ఒళ్ళు మైదానం లోపలికి తిరిగేది. వాళ్ళ రైట్ వింగర్, అంటే కుడి అంచు నుంచి దాడి చేసేవాడు, ఇట్టే పసిగట్టాడు. లోపలి దారి మూసేసి, మైదానం అంచు గీత వెంబడి దారి కావాలనే ఖాళీగా వదిలేశాడు. ఎడమకాలితో దూరం కొట్టలేనని వాడికి అర్థమైపోయింది. నేను మళ్ళీ కీపర్‌కే ఇవ్వడం, కీపర్ గాల్లోకి తన్నడం, బంతి వాళ్ళకి పోవడం. మా లెఫ్ట్ వింగర్ కాసేపు లైన్ వెంట పరిగెత్తి చూశాడు. బంతి రాకపోయేసరికి విసుగొచ్చి నా పక్కకే వచ్చి నిలబడ్డాడు. వాడి వెనకే వాణ్ని మార్క్ చేసేవాడూ వచ్చాడు. ఉన్న కాస్త చోటూ పోయింది. మధ్యలో నా స్థానంలో పెట్టింది ఒక స్ట్రైకర్‌ని. బంతి పోతే వెనక్కి పరిగెత్తాలన్న ఆలోచనే వాడికి రాదు. ఒక ఖాళీ పూడ్చబోయి మూడు చోట్ల ఆట చెడింది. తిన్న రెండు గోల్సూ మా ఎడమవైపు నుంచే. తిట్లు మాత్రం నాకొక్కడికే!

ఇంతకీ పొజిషన్ అంటే నిలబడే చోటు మాత్రమే కాదు. మధ్యలో ఆడేవాడికి ఆట నాలుగు వైపులా ఉంటుంది, బంతి అందకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకోవాలి. లెఫ్ట్ బ్యాక్, రైట్ బ్యాక్ లాంటి ఫుల్‌బ్యాక్‌కి ఒక పక్క టచ్‌లైన్, అదే అంచు గీత. అటునుంచి ఎవరూ మీదికి రారు, నిజమే, కానీ అటు తప్పించుకోవడమూ కుదరదు. ఏళ్ళ తరబడి అలవాటైన చూపు ఒక్క సాయంత్రంలో మారదు.

"మరి ఫ్రాన్స్ ఆటగాడు హెన్రీ వింగర్ నుంచి స్ట్రైకర్ అవలేదా, వేల్స్ వింగర్ బేల్ లెఫ్ట్ బ్యాక్‌గా మొదలుపెట్టలేదా, ఇటలీ మిడ్‌ఫీల్డర్ పిర్లోని వెనక్కి దింపలేదా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళని మార్చింది వాళ్ళ బలం ఎక్కడ పనికొస్తుందో చూసి. పిర్లోకి వేగం లేదు, పాస్ ఉంది. వెనక నిలబడితే ఆ పాస్ వేయడానికి టైమూ, ఎదురుగా మైదానమూ దొరికాయి.

మిడ్‌ఫీల్డ్‌లోనూ రైట్ బ్యాక్‌గానూ గొప్పగా ఆడిన జర్మనీ కెప్టెన్ లామ్ సంగతే చూడండి. 2014 ప్రపంచకప్‌లో జర్మనీ అతన్ని మొదట మిడ్‌ఫీల్డ్‌లో ఆడించింది. అల్జీరియా మీద ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్ళి గట్టెక్కారు. ఫ్రాన్స్‌తో క్వార్టర్ ఫైనల్ నుంచి మళ్ళీ రైట్ బ్యాక్‌కి పంపారు. తర్వాత బ్రెజిల్ మీద 7-1, ఆపైన కప్పు. కప్పు రావడానికి సగం కారణం ఆ మార్పేనని నా లెక్క.

సెంట్రల్ మిడ్‌ఫీల్డర్ స్కోల్స్‌ని 2004 యూరో కప్‌లో ఇంగ్లండ్ ఎడమ పక్కకి నెట్టింది, మధ్యలో జెరార్డ్, లాంపార్డ్ ఉండాలని. టోర్నీ అయ్యాక 29 ఏళ్ళకే ఆయన జాతీయ జట్టు వదిలేశాడు. కుటుంబం కోసమని చెప్పాడు. నేనైతే నమ్మను.

ఇంకో తలనొప్పి వీడియో గేములు. అందులో ఎవరిని ఎక్కడికి లాగినా ఆడేస్తారు కాబట్టి, అది చూసి పెరిగినవాళ్ళు నిజం ఆటగాళ్ళనీ అలాగే జరపొచ్చు అనుకుంటున్నారు.

మీ కోచ్‌ని ఒక్కటే అడగండి: ఇది ఈ మ్యాచ్ వరకేనా, సీజన్ అంతానా? సీజన్ అంతా అయితే ప్రాక్టీసులో కూడా అక్కడే ఆడించమనండి, ఎడమకాలి పాసులు ఇప్పుడే మొదలుపెట్టండి. ఒక్క మ్యాచ్‌కే అయితే, కీపర్‌ని మీకు కాకుండా మధ్యలో ఉండే డిఫెండర్‌కి, అంటే సెంటర్ బ్యాక్‌కి బంతి ఇవ్వమని ముందే చెప్పి పెట్టుకోండి.