బృందం జాకెట్ల మీద పేర్లు ఎంబ్రాయిడరీ చేయించడానికి బడ్జెట్ ఎలా వేసుకోవాలి?

25 జాకెట్లకు వెనుక భాగంలో బృందం పేరును పెద్ద అక్షరాలతోనూ, ముందు ఛాతీ దగ్గర ఎవరి పేరు వారికి చిన్న అక్షరాలతోనూ కుట్టించాలనుకుంటున్నామని, అక్షరానికి ఇంత అని లెక్కగట్టి బడ్జెట్ వేసుకోవచ్చా అని మీరు అడిగారు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ పనిలో చాలా ఏళ్లుగా ఉంటూ ఇలాంటి ఆర్డర్లు చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: అక్షరాల సంఖ్యను బట్టి వేసిన అంచనా చివరిదాకా నిలవదు. ఆ అక్షరాలు ఎంత పెద్దవి, ఏ రకం కుట్టుతో నిండుతాయి, ఒకే డిజైన్ ఎన్ని జాకెట్ల మీద మళ్లీ వస్తుంది అన్న మూడు విషయాలే ఖర్చును నిర్ణయిస్తాయి.

ముందుగా ఖర్చును రెండుగా విడదీయండి. డిజైన్‌ను మెషిన్ చదవగలిగే కుట్ల ఫైలుగా మార్చడం, అంటే మా పనిలో పంచింగ్ అనేది, ఒక్కసారి పెట్టే ఖర్చు. శాంపిల్ కుట్టి చూడటం కూడా అంతే. ఈ మొత్తాన్ని 25తో భాగించి ఒక్కో జాకెట్‌కు వేసుకోవాలి. ఫ్రేమ్‌లో బిగించడం, అడుగున బ్యాకింగ్, అంటే గుడ్డ ముడత పడకుండా ఆధారంగా ఉండే పొర, వేయడం, కుట్టడం, మిగిలిన దారాలు కత్తిరించడం మాత్రం ప్రతి జాకెట్‌కూ పడే ఖర్చు. ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా చెప్పే కొటేషన్‌ను, అది ఎంత తక్కువగా కనిపించినా, విడదీసి చెప్పమని అడగండి. లేకపోతే తర్వాత ఇంకో ఐదు జాకెట్లు కుట్టించినప్పుడు పంచింగ్‌కు మళ్లీ డబ్బు కడుతున్నారో లేదో మీకు తెలియదు.

అసలు భారం వెనుక భాగం మీదే ఉంటుంది. సన్నని గీతల అక్షరాలను సాటిన్ కుట్టుతో, అంటే గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క అంగలో వెళ్లే కుట్టుతో నింపుతారు. అక్కడ కుట్ల సంఖ్య గీత పొడవును బట్టి పెరుగుతుంది గానీ వెడల్పును బట్టి పెద్దగా పెరగదు, కాబట్టి అక్షరం ఎత్తు రెట్టింపు చేస్తే కుట్లు కూడా సుమారు రెట్టింపే అవుతాయి. అయితే గీత వెడల్పు 7, 8 మిల్లీమీటర్లు దాటితే ఆ పొడవైన దారాలు వేలికో, బ్యాగు పట్టీకో తగులుకొని లేచిపోతాయి, అందుకని చిన్న చిన్న కుట్ల వరుసలతో జాగానంతా నింపే ఫిల్ కుట్టుకు మారతారు. ఫిల్‌లో లెక్క వైశాల్యానిది: ఎత్తు రెట్టింపు చేస్తే కుట్లు దాదాపు నాలుగింతలు. వెనుక అక్షరాలు ఇంకొంచెం పెద్దవిగా ఉంటే బాగుంటుందని ఎవరైనా అన్నప్పుడు, ఆ కొంచెం ఈ హద్దుకు ఏ పక్కన ఉందో తేల్చుకున్నాకే ఒప్పుకోండి.

సమయంతో చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. నిమిషానికి 800 కుట్ల వేగంతో నడిచే మెషిన్ మీద 8,000 కుట్ల డిజైన్‌కు 10 నిమిషాలు పడితే, 40,000 కుట్ల డిజైన్‌కు 50 నిమిషాలు పడుతుంది. దారం తెగడం, రంగులు మారడం దీనికి అదనం. ఆరు హెడ్ల మెషిన్, అంటే ఆరు చోట్ల ఒకేసారి కుట్టేది, ఉన్నచోట ఒకే డిజైన్ ఒకేసారి ఆరు జాకెట్ల మీద వస్తుంది. 24 జాకెట్లు నాలుగు విడతల్లో పూర్తవుతాయి, 25వ జాకెట్ కోసం మాత్రం ఐదో విడత నడపాలి. మీ సంఖ్యను 24కు తగ్గించడమో, కొన్ని జాకెట్లు అదనంగా కుట్టించుకొని 30 చేయడమో వీలవుతుందేమో చూడండి. పెద్ద అక్షరాలు తప్పనిసరి అనుకుంటే నా సలహా అప్లిక్ పని: అక్షరాన్ని రంగు గుడ్డలో కత్తిరించి అతికించి, చుట్టూ అంచు మాత్రమే కుడతారు. కత్తిరింపు కూలి పెరిగినా కుట్లు బాగా తగ్గుతాయి, జాకెట్ వెనుక భాగం అట్టలా బిగుసుకుపోకుండా మెత్తగానూ ఉంటుంది.

ఛాతీ మీద పేర్ల సంగతి వేరు. ఒక్కో పేరూ వేరు కాబట్టి ఆరు హెడ్లున్నా ఇక్కడ లాభం ఉండదు. సాధారణంగా పేరుకు ఇంత అని తీసుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా ఉన్న ఎంబ్రాయిడరీ ఫాంట్లలో ఒకదానిని ఎంచుకుంటే ప్రతి పేరుకూ పంచింగ్ అవసరం ఉండదు, ప్రత్యేకమైన రాత కావాలంటే మాత్రం అవసరమవుతుంది. సాధారణంగా వాడే 40 నంబరు దారంతో 5, 6 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గిన ఇంగ్లీషు అక్షరాలు పూడుకుపోతాయి. అంతకన్నా చిన్నవి కావాలంటే సన్నని 60 నంబరు దారం, సన్నని సూది అడగాలి. తెలుగులో రాయించాలనుకుంటే ఎత్తు ఇంకా పెంచాల్సిందే, ఎందుకంటే వత్తు ప్రధాన అక్షరం కన్నా చిన్నది. 'థ' మధ్యలోని చుక్క పూడిపోయి అది 'ధ'లా కనిపించడం శాంపిల్ గుడ్డ మీద నేను చూసిన విషయమే. అందుకే మీ జాబితాలో అన్నిటికన్నా క్లిష్టమైన పేరును ఎంచుకొని దానినే శాంపిల్‌గా కుట్టించండి.

గుడ్డ రకం, కుట్టే చోటు కూడా ధరను కొంత మారుస్తాయి. సాగే గుడ్డకు చింపి తీసేసే బ్యాకింగ్ చాలదు, కత్తిరించి లోపలే ఉంచేసే రకం వేయాలి. జేబు మీద, చేతుల మీద, లైనింగ్ ఉన్న జాకెట్ల మీద బిగించడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ఎక్కువ అడుగుతారు, అది న్యాయమే.

పాడయ్యే వాటికి కూడా బడ్జెట్‌లో చోటు ఉంచండి. జాకెట్లు మీరే కొని ఇస్తే, సూది వల్ల పాడైన దానికి బాధ్యత ఎవరిదో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. పేరులో అక్షరం తప్పుపడితే విప్పవచ్చు గానీ, వాన జాకెట్ వంటి కోటింగ్ ఉన్న గుడ్డ మీద సూది రంధ్రాలు అలాగే మిగిలిపోతాయి. అందువల్ల ప్రతి సభ్యుడూ తన పేరును తానే సరిచూసి ఒప్పుకున్న టైపు చేసిన జాబితానే ఇవ్వండి, చేతిరాత జాబితా ఇవ్వకండి. పేర్లను విడిగా ప్యాచ్‌ల మీద కుట్టించి తర్వాత జాకెట్‌కు అతికించుకునే పద్ధతి నాకు చాలా నచ్చుతుంది: తప్పు దొర్లినా పోయేది ఒక చిన్న గుడ్డముక్కే, సభ్యుడు మారితే జాకెట్ ఇంకొకరికి పనికొస్తుంది.

పని పూర్తయ్యాక కుట్ల ఫైలు మీకు ఇస్తారా, ఇవ్వరా అన్నది ఆర్డర్ పెట్టే ముందే అడగండి. కుట్ల ఫైళ్లలో ఒక రకమైన డీఎస్‌టీ ఫైలును చాలా మెషిన్లు చదువుతాయి, అయితే అందులో దారం రంగులు నమోదు కావు, కాబట్టి దారం కంపెనీ పేరు, రంగుల నంబర్లు విడిగా రాయించుకోండి. ఏడాది తర్వాత కొత్త సభ్యుడు చేరితే ఒక్క జాకెట్ కోసం కనీస ఆర్డర్ ధర చెల్లించాల్సి రావచ్చు. అందుకే బడ్జెట్ అనుమతిస్తే వెనుక బృందం పేరు మాత్రమే కుట్టి, ముందు భాగం ఖాళీగా వదిలిన జాకెట్లు రెండు మూడు ఇప్పుడే చేయించి ఉంచుకోండి.