టెక్ సందేహాలు: పెడల్‌బోర్డు కొనే ముందు ప్లగ్గు సంగతి చూడండి

కాలేజీ ఫెస్టులు, క్రిస్మస్ కార్యక్రమాలు దగ్గరపడేసరికి గిటారు ఎఫెక్ట్ పెడళ్ల (గిటారు శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు) మీద ప్రశ్నలు ఎక్కువయ్యాయి. చదివితే చాలావాటికి మూలం ఒక్కటే అనిపిస్తోంది: పెడల్ ఎంచుకోవడంలో చూపే శ్రద్ధ దానికిచ్చే కరెంటు దగ్గర చూపట్లేదు. అందుకే మోత గురించిన ప్రశ్నతోనే మొదలుపెడదాం.

ట్యూనర్, ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ మూడూ ఒకే అడాప్టరు మీద బాగానే నడిచేవి. డిజిటల్ డిలే కొని, ఆ అడాప్టరు నుంచి అన్నిటికీ కరెంటు పంచే గొలుసు వైరుకే కలిపాక సన్నగా కీచుమంటోంది. డిలే ఆఫ్ చేసినా పోవట్లేదు. కొత్త పెడల్ పాడైనదా? (గాజువాక)

పెడల్ బాగానే ఉండి ఉంటుంది. ప్రతిధ్వని తెచ్చే డిజిటల్ డిలేలో చిన్నపాటి కంప్యూటరే ఉంటుంది. మీరు కాలితో నొక్కి ఆఫ్ చేసినా లోపల దాన్ని నడిపే క్లాక్ సిగ్నల్ ఆగదు, ఆ చప్పుడు కరెంటు వైరులోకి వెనక్కి వస్తూనే ఉంటుంది. అదే వైరు మీద డిస్టార్షన్ కూడా ఉంది. చిన్న సిగ్నల్‌ను వందల రెట్లు పెంచడమే దాని పని కాబట్టి ఆ కీచును కూడా పెంచి ఆంప్‌కు (గిటారు స్పీకరు పెట్టెకు) పంపుతుంది. దీనికితోడు గొలుసు వైరు వల్ల పెడళ్ల గ్రౌండ్లు రెండు దారుల్లో కలుస్తాయి: కరెంటు వైరు గుండా ఒకటి, పెడళ్లను ఒకదానికొకటి కలిపే ప్యాచ్ కేబుల్ పైతొడుగు గుండా ఇంకొకటి. అలా ఏర్పడే గ్రౌండ్ లూప్ కూడా మోత తెస్తుంది.

నిర్ధారణ తేలిక. డిలే ఒక్కదాన్నీ గొలుసు నుంచి తీసి, దానికి 9 వోల్టుల బ్యాటరీ గానీ వేరే అడాప్టరు గానీ ఇవ్వండి. కీచు పోతే తప్పు పవర్‌దే.

శాశ్వత మందు ఐసొలేటెడ్ పవర్ సప్లై. ప్రతి అవుట్‌పుట్ లోపల మిగతావాటితో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. జాగ్రత్త ఏంటంటే, తక్కువ ధర పెట్టెల మీద ‘ఐసొలేటెడ్’ అని రాసి ఉన్నా లోపల అన్ని అవుట్‌పుట్‌లకూ ఒకే గ్రౌండ్ ఉండటం మామూలే. కొన్నాక మల్టీమీటరుతో చూడండి. పెట్టెను గోడ ప్లగ్గు నుంచి తీసేసి, మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, రెండు వేర్వేరు అవుట్‌పుట్ వైర్ల పిన్నుల నడిమి రంధ్రాల్లో రెండు ప్రోబ్‌లూ తాకించండి. బీప్ వచ్చిందా, గ్రౌండ్ ఉమ్మడిగా ఉన్నట్టే. తిరిగి ఇచ్చేయండి.

ఇక లెక్క. పెడళ్లు ఎక్కువ భాగం 9 వోల్టుల డీసీ మీద నడుస్తాయి, పిన్ను మధ్య భాగం నెగెటివ్. వోల్టేజీ సరిగ్గా సరిపోవాలి. కరెంటు మాత్రం పెడల్ అడిగినంత గానీ అంతకంటే ఎక్కువ గానీ ఇవ్వగలిగితే చాలు. 100 మిల్లీఆంపియర్లు అడిగే పెడల్‌ను 500 ఇవ్వగల అవుట్‌పుట్‌కు కలిపితే ఏమీ కాదు. కరెంటు చాలకపోతేనే తంటా: డిలే ఆగి ఆగి మోగుతుంది, లేదా ఆన్ కానే కాదు. సాదా ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్‌లు 20 మిల్లీఆంపియర్లలోపే తీసుకుంటాయి. డిజిటల్ డిలే, రివర్బ్‌లకు 50 నుంచి 300 దాకా కావచ్చు. ప్రతి పెడల్ అడుగున గానీ మాన్యువల్‌లో గానీ రాసి ఉంటుంది. అవన్నీ కూడి పైన నాలుగో వంతు మిగులు పెట్టుకోండి. మొత్తం సరిపోతే చాలదు, ఏ అవుట్‌పుట్‌కు ఆ అవుట్‌పుట్ విడిగా సరిపోవాలి.

ఇంకొకటి, ఇది గోడకు రాసి పెట్టుకోదగ్గది. ఇంట్లో పడి ఉన్న వైఫై రౌటర్ అడాప్టరును పెడల్‌కు పెట్టకండి. ప్లగ్గు చక్కగా దూరిపోతుంది, అదే ప్రమాదం. అవి ఎక్కువగా 12 వోల్టులవి, పైగా మధ్య భాగం పాజిటివ్. అలా పెట్టాక పెడల్ చచ్చిందంటే పారేయకండి. చాలా పెడళ్లలో ఇలాంటి పొరపాటుకు అడ్డంగా ఒక డయోడ్ ఉంటుంది, మిగతా సర్క్యూట్‌ను కాపాడి అది కాలిపోతుంది. టంకం పట్టడం వచ్చినవాళ్లు కొద్ది రూపాయల డయోడ్‌తో బతికిస్తారు.

నాది కీచు కాదు, లావుపాటి గుర్ర్ మోత. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది. పెడళ్లన్నీ తీసేసినా ఉంటోంది. (మధురవాడ)

పెడళ్లు తీసేసినా ఉందంటే వాటిని వదిలేయండి. గిటారు వాల్యూమ్ సున్నాకు తిప్పండి. మోత పోతే అది పికప్‌లు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే కాయిళ్లు) గాల్లోంచి పట్టుకుంటున్నది. పోకపోతే కేబుల్, ఆంప్, లేదా ఇంటి వైరింగ్.

పికప్‌ల సంగతైతే మన ఇళ్లలో మొదటి ముద్దాయి ఫ్యాన్ రెగ్యులేటరే. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కరెంటు అలను ముక్కలుగా కోసి ఫ్యాన్‌కు ఇస్తుంది, ఆ కోతే సింగిల్ కాయిల్ పికప్‌లో బర్రుమంటుంది. ఫ్యాన్‌ను పూర్తి వేగంలో పెట్టి ఒకసారి, ఆపి ఒకసారి వినండి. చౌక ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్ చార్జర్లు ఆ తర్వాత. గిటారు పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిరిగితే ఏదో ఒక దిక్కున మోత బాగా తగ్గుతుంది, అటే కూర్చుని వాయించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లినప్పుడే బుర్రుమంటుంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. దానికి పెడల్‌బోర్డు వైపు నుంచి మందు లేదు, ప్యూర్ సైన్ వేవ్ రకమే కావాలి.

తీగలు తాకితే తగ్గడం మామూలే. మీ ఒంటికి కూడా గిటారు గ్రౌండ్ అందుతుంది కాబట్టి మీరు పట్టుకొచ్చే మోత తగ్గుతుంది. కానీ తాకినప్పుడు జివ్వుమన్నా, మైక్ పెదవికి తగిలి షాక్ కొట్టినా వాయించడం ఆపేయండి. అది ఎర్త్ లోపం, ఎలక్ట్రీషియన్ చూడాల్సిందే. మోత తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు స్టేజీల దగ్గర ఇప్పటికీ ఉంది. ప్రాణాల మీదికి వచ్చే పని అది. మోత తగ్గించాల్సింది డీఐ బాక్స్ (గిటారు సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే పెట్టె) మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్‌తో.

వా, ఫజ్, ఓవర్‌డ్రైవ్, కోరస్, డిలే, ట్యూనర్ ఉన్నాయి. ట్యూనర్ ముందుండాలని అందరూ అంటారు. అలా పెడితే ఫజ్ పల్చగా, గరగరగా మోగుతోంది. (ఎంవీపీ కాలనీ)

మీ ట్యూనర్‌లో బఫర్ (పొడుగు వైర్లలో సిగ్నల్ నీరసపడకుండా నిలిపే చిన్న సర్క్యూట్) ఉండి ఉంటుంది. బాస్ కంపెనీ చిన్న పెడళ్లలో చాలావాటిలో ఇది ఉంటుంది, ఆఫ్‌లో ఉన్నా పనిచేస్తూనే ఉంటుంది. పాత తరహా ఫజ్ సర్క్యూట్‌కు గిటారు పికప్‌తో నేరుగా సంబంధం కావాలి. మధ్యలో బఫర్ వస్తే ఆ సంబంధం తెగి శబ్దం కర్కశమవుతుంది, గిటారు వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు. ఫజ్‌ను మొట్టమొదట పెట్టి, వా, ఆ తర్వాత ట్యూనర్ పెట్టండి. వా తర్వాత ఫజ్ వచ్చినప్పుడు కూడా కొన్ని జంటలు కీచుమంటాయి, కాబట్టి రెండు వరసలూ విని చూసుకోండి.

తర్వాత ఓవర్‌డ్రైవ్, కోరస్, చివర డిలే. డిలే ముందొచ్చి డిస్టార్షన్ తర్వాతొస్తే ప్రతిధ్వనులన్నీ కలిపి నలిగిపోయి ముద్దవుతాయి. మీ ఆంప్ సొంత డిస్టార్షన్ వాడుతుంటే ఇదే కారణంగా డిలే, రివర్బ్‌లను ఆంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్‌లో (ఆంప్ డిస్టార్షన్ తర్వాత పెడళ్లు కలిపే సెండ్, రిటర్న్ జాక్‌లు) పెట్టాలి. సెండ్ నుంచి డిలే ఇన్‌పుట్‌కు, డిలే అవుట్‌పుట్ నుంచి రిటర్న్‌కు. ఆంప్‌ను క్లీన్‌లో ఉంచి డిస్టార్షనంతా పెడళ్లతోనే తెచ్చుకునేవాళ్లకు లూప్ జోలికి వెళ్లాల్సిన పనే లేదు, రెండు పొడుగు కేబుళ్లు మిగులుతాయి.

బఫర్ అంటే చెడ్డదనుకోకండి. గిటారు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. బోర్డు దాకా 6 మీటర్లు, బోర్డు నుంచి ఆంప్‌కు ఇంకో 6 మీటర్లు, మధ్యలో అన్నీ ట్రూ బైపాస్ పెడళ్లే (ఆఫ్‌లో బఫర్ లేకుండా సిగ్నల్‌ను నేరుగా వదిలేవి) అయితే పై స్వరాల మెరుపు పోయి దుప్పటి కప్పినట్టుంటుంది. ఫజ్ తర్వాత ఎక్కడో ఒకచోట ఒక్క మంచి బఫర్ ఉండాలి. మీకు ట్యూనర్ రూపంలో అది ఎలాగూ ఉంది.

కాలేజీ బ్యాండ్‌లో కొత్తగా చేరాను. మల్టీ ఎఫెక్ట్స్ కొనాలా, విడి పెడళ్లతో బోర్డు కట్టుకోవాలా? బోర్డు ఎంత సైజు? (ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్)

ఏ ఎఫెక్ట్ మీకు కావాలో ఇంకా తెలియకపోతే, ఒకే పెట్టెలో ఎన్నో ఎఫెక్ట్‌లుండే మల్టీ ఎఫెక్ట్సే కొనండి. బాస్ జీటీ-1 లాంటిది నాలుగు ఏఏ బ్యాటరీల మీద కూడా నడుస్తుంది, హాస్టల్ గదిలో హెడ్‌ఫోన్‌తో సాధన చేసుకోవచ్చు, యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేసుకోవచ్చు. ఆరు నెలలు వాడాక మీరు నిజంగా నొక్కేవి మూడో నాలుగో అని తేలుతుంది. అప్పుడు వాటిని విడిగా కొనుక్కోండి. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ఒకేసారి ఐదు చౌక పెడళ్లు కొనడమే నాకు నచ్చని దారి.

విడి పెడళ్లకే వెళితే బడ్జెట్‌లో పావు వంతు పవర్ సప్లైకి, ప్యాచ్ కేబుళ్లకు పక్కన పెట్టాకే మిగతాది లెక్కేయండి.

సైజు కాగితం మీదే తేల్చుకోవచ్చు. బాస్ చిన్న పెడల్ వెడల్పు 73 మిల్లీమీటర్లు, లోతు 129. వాటి జాక్‌లు పక్కల ఉంటాయి. పల్చటి ప్లగ్గులున్న ప్యాచ్ కేబుళ్లయినా పెడల్‌కూ పెడల్‌కూ మధ్య 25 మిల్లీమీటర్లు వదలాలి. ఐదు పెడళ్లకు 365, నాలుగు సందులకు 100, అంటే 465. ఆ చివర, ఈ చివర ప్లగ్గులకు కలిపి వరసకు 52 సెంటీమీటర్లు. రెండు వరసలైతే లోతు 129కి రెండింతలు, మధ్యలో 5 సెంటీమీటర్లు, వెరసి 31. కొనే ముందు అట్టముక్కలు అదే కొలతలో కత్తిరించి నేల మీద పేర్చి, బూటు కాలితో నొక్కి చూడండి. పక్క పెడల్ తగులుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

రెడీమేడ్ బోర్డు ఖరీదు ఎక్కువనిపిస్తే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో కార్పెంటర్ చేసిస్తాడు. వెనక వరస 4, 5 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి, ఆ కింద పవర్ సప్లై పడుకుంటుంది. ఇన్‌పుట్ జాక్ పెడళ్లకు కుడివైపు ఉంటుంది కాబట్టి గిటారు కుడినుంచి మొదలై ఎడమకు వెళుతుంది. కరెంటు వైర్లు, శబ్దం వైర్లు పక్కపక్కనే కట్టగా కట్టకండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

వెల్క్రో రబ్బరు అడుగుకు నిలవదు, మన ఎండలకు జిగురు జారి పెడల్ వంకర తిరుగుతుంది. రబ్బరు తీయడం ఇష్టం లేకపోతే సైకిల్ చైన్ లంకెలు తెచ్చి, ఒక కన్నాన్ని పెడల్ అడుగు మూల స్క్రూకు, రెండోదాన్ని చెక్కకు బిగించండి. కదలదు.

చర్చిలో ఆంప్ లేదు, నేరుగా మిక్సర్‌కే. డిస్టార్షన్ నొక్కితే చెవులు కొరికినట్టుంటోంది. (అక్కయ్యపాలెం)

గిటారు ఆంప్‌లోని 12 అంగుళాల స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక పై శబ్దాన్ని గట్టిగా కోసేస్తుంది. డిస్టార్షన్ పెడళ్లను ఆ కోత ఉంటుందనే లెక్కతో తయారుచేస్తారు. చర్చి స్పీకర్లు పైదాకా అన్నీ వినిపిస్తాయి, అందుకే ఆ గోల. బోర్డు చివర క్యాబినెట్ సిమ్యులేటర్ (ఆంప్ స్పీకరు కోతను అనుకరించేది) గానీ, ఐఆర్ (స్పీకరు శబ్దపు డిజిటల్ నమూనా) లోడ్ చేసుకునే పెడల్ గానీ పెట్టండి. మీది మల్టీ ఎఫెక్ట్స్ అయితే లోపలే ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే చాలు. అదే యూనిట్‌ను ఎప్పుడైనా నిజం ఆంప్‌కు కలిపితే ఆఫ్ చేయడం మరిచిపోకండి, రెండుసార్లు కోత పడి గొంతు పట్టేసినట్టు మోగుతుంది.

బోర్డు నుంచి మిక్సర్‌కు దూరం 5, 6 మీటర్లు దాటితే మధ్యలో డీఐ బాక్స్ ఉండాలి. మైక్ కేబుల్ కోసి గిటారు పిన్ను అతికించిన వైరుతో నడిపించకండి. ఎవరైనా మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్‌లకు కేబుల్ గుండా ఇచ్చే కరెంటు) నొక్కితే అది పెడల్ అవుట్‌పుట్‌లోకి వస్తుంది.

మా ఇల్లు బీచ్ రోడ్డు పక్కనే. నెలరోజులు వాడకపోతే బోర్డంతా చిటపటలాడుతోంది. (పెద వాల్తేరు)

ఉప్పుగాలికి జాక్‌ల లోపలి లోహం మీద పొర కడుతుంది. ఎలక్ట్రానిక్స్‌కు వాడే కాంటాక్ట్ క్లీనర్‌ను ప్లగ్గు మీద కొద్దిగా కొట్టి, ప్రతి జాక్‌లోనూ పదిసార్లు దూర్చి తీయండి. తలుపు బందులకు వాడే జిడ్డు స్ప్రే వద్దు, దాని మీద దుమ్ము పేరుకుంటుంది. బోర్డును మూత ఉన్న పెట్టెలో సిలికా జెల్ సంచులతో ఉంచండి. వాడని పెడళ్లలో బ్యాటరీలు తీసేయండి, కారితే ఉప్పుగాలి కంటే ఎక్కువ నష్టం. వాడేవాటిలో కూడా ఇన్‌పుట్ కేబుల్ పీకడం అలవాటు చేసుకోండి. చాలా పెడళ్లలో ఆ ప్లగ్గే బ్యాటరీ స్విచ్.

మల్టీ ఎఫెక్ట్స్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపితే గుర్తించట్లేదు. (సీతమ్మధార)

ముందు కేబుల్ మార్చండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ వైర్లలో డేటా తీగలే ఉండవు. విండోస్ అయితే కంపెనీ సైట్ నుంచి ఆ మోడల్ ఏఎస్ఐఓ డ్రైవర్ (శబ్దం ఆలస్యం కాకుండా చూసే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేశాకే యూనిట్‌ను కలపండి. వాయించినదానికీ వినపడేదానికీ ఎడం అనిపిస్తే బఫర్ సైజు (ట్యూనర్‌లోని బఫర్ కాదు, ల్యాప్‌టాప్ ఒక్కోసారి పోగేసే శాంపిళ్ల సంఖ్య) తగ్గించండి: 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్లంటే ఒక వైపుకే 5.3 మిల్లీసెకన్లు, 128 అంటే 2.7. అంతకంటే తగ్గించినప్పుడు పటపటమంటే ల్యాప్‌టాప్ తట్టుకోవట్లేదని, మళ్లీ ఒక మెట్టు పెంచాలి.